రిజిస్టరమ్మ రెండో మనవడి పేరు

జనన మరణాల ఆఫీసులో మూడో కిటికీ వెనక ఇరవై ఆరేళ్ళు కూర్చున్న మనిషికి ఊళ్ళో ఎవరి మీదా గౌరవం మిగలదు. రిజిస్టరమ్మకి మొదట్లోనే అంతగా ఉండేది కాదు. ఉన్న కాస్తా ఆ కిటికీ ఊచల్లోంచి ఎప్పుడో జారిపోయింది. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. వేలమంది పేర్లు రాసిన మనిషికి సొంత పేరు అక్కర్లేకపోయింది.

పొద్దున పదింటికి వచ్చేది. కుర్చీలో పాత తువ్వాలు నాలుగు మడతలేసి పరుచుకునేది. నల్ల సిరా పెన్ను మూత తీసి, పెద్ద రిజిస్టరు తెరిచి, అప్పుడు తలెత్తి కిటికీ అవతల వరుసని చూసేది. ఆ చూపు తగలగానే బిడ్డని కన్నవాళ్ళకి తామేదో తప్పు చేసి వచ్చామేమో అనిపించేది.

"పేరు?"

చెప్పేవాళ్ళు. ఆవిడ మూతి ఓ పక్కకి వెళ్ళేది. కొడుక్కి నక్షత్రం పేరు పెట్టినవాడికి ఇంట్లో బల్బు మార్చడం కూడా చేతకాదని ఆవిడ నమ్మకం. నదుల పేర్లు పెట్టేవాళ్ళు రోజూ స్నానం చేస్తారా అని అనుమానం. టీవీలో చూసి పెట్టినవాళ్ళ మీద జాలి కూడా దండగే. లోపల ఎంత తిట్టుకున్నా రాయడం మాత్రం ముత్యాల్లా రాసేది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు. పక్క కిటికీ గుమాస్తా నెలకి నాలుగైనా కొట్టేసి, రూలు ప్రకారం పక్కన పొట్టి సంతకాలు పెట్టుకుంటూ ఉండేవాడు. "నీ పుస్తకం మీద కోడి నడిచిందయ్యా" అని ఆవిడ నలుగురూ వినేట్టు అనేది. పాపం అతను నవ్వి ఊరుకునేవాడు. ఊరుకునేవాళ్ళంటే ఆవిడకి ఇంకా అలుసు.

అందరికంటే చులకన ఎవరంటే, పేరు తేల్చుకోకుండా వచ్చేవాళ్ళు. తొమ్మిది నెలలు ఏం చేశారు? తల గోక్కుంటూ, "ఇంకా ఏమీ అనుకోలేదమ్మా, మీరే ఏదో మంచి పేరు రాసేయండి" అనేవాళ్ళు. మగపిల్లాడైతే క్షణం ఆలోచించకుండా రిజిస్టరమ్మ నోట ఒక పేరు వచ్చేది. మూడే మూడక్షరాలు. "రాజాలా ఉంటుంది, రాసేయనా?" అనేది. వాళ్ళు తలూపేలోపే రాసేసి, "తర్వాత!" అని కేకేసేది. ఆడపిల్లయితే మాత్రం ఆలోచించుకుని రేపు రమ్మని పంపేసేది. ఈ తేడా ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆవిడా చెప్పలేదు. చెప్పడానికి పెద్ద కథేం ఉంది గనక. ఒక్కగానొక్క కొడుక్కి పేరు అత్తగారు పెట్టేసింది. రెండోవాడు పుడితే వాడికైనా తన ఇష్టప్రకారం పెట్టుకోవాలని ఒక పేరు అనుకుని దాచుకుంది. రెండోవాడు రాలేదు. పేరు మాత్రం పెట్టెలో మడత విప్పని చీరలా ఉండిపోయింది. ఆ చీరనే ఏళ్ళ తరబడి ఊరందరికీ కట్టబెట్టింది.

కొడుకు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆ చల్లని పెట్టెల్లో తల పెట్టీ పెట్టీ అతనూ అలాగే తయారయ్యాడు. తలుపు తీస్తే చిన్న దీపం వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. ఆరేళ్ళ కిందట మొదటి పిల్లాడు పుట్టినప్పుడు, "నువ్వే చెప్పమ్మా" అన్నాడు. ఆవిడ ఆ దాచుకున్న మూడక్షరాలే చెప్పింది. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. అప్పటికి ఇంటికి కొత్త, పెదవి విప్పలేదు.

ఇప్పుడు రెండోవాడు పుట్టాడు. ఇరవై ఒక్క రోజుల్లోగా పేరు రాయించాలి. ఆ నెలాఖరుకే రిజిస్టరమ్మ రిటైర్మెంటు. రెండో మనవడి పేరు తన నోటితో చెప్పి, తన చేత్తో రాసి, ఇక ఆ పెన్ను మూత పెట్టేయాలని ఆవిడ కోరిక. ఇరవై ఆరేళ్ళ కొలువులో ఆవిడకంటూ అడగదలచుకున్నది అదొక్కటే.

"నా దగ్గర ఒకటుంది. టైమొచ్చినప్పుడు చెప్తాను" అని ఇంట్లో, వీధిలో, ఆఫీసులో చాటింపు వేసుకుంది.

ఏమీ లేదు. ఒక్కటంటే ఒక్కటీ లేదు. స్నానం చేస్తూ ఆలోచించింది, బస్సులో ఆలోచించింది. ఏ పేరు తట్టినా, అది పెట్టిన ఎవడో ఒక తండ్రి మొహం, తాను ముడిచిన మూతి, రెండూ కలిసి గుర్తొచ్చేవి. ఊళ్ళో పేర్లన్నిటినీ వెక్కిరించి పారేశాక ఇంటికి తెచ్చుకోవడానికి ఏం మిగులుతుంది?

పదిహేనో రోజున పెద్దవాడి బళ్ళో తల్లిదండ్రుల మీటింగు. కోడలు చంటివాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళింది. తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, మనవాడి క్లాసులో ఆ పేరు వాళ్ళు ఎంతమందున్నారో తెలుసా?"

"ఉంటారు ఒకరో ఇద్దరో. మంచి పేరు కదా మరి" అంది రిజిస్టరమ్మ, పక్కగుడ్డలు మడతపెడుతూ.

"ఆరుగురు! టీచరు పిలిస్తే ఆరుగురూ లేచి నిలబడుతున్నారట. వేగలేక నంబర్లిచ్చింది. మనవాడు నాలుగోవాడు. ఆ మధ్య పిల్లాడికి జ్వరమని ఫోన్ చేస్తే నేను దుకాణం వదిలి పరిగెత్తుకెళ్ళానా? ఆ జ్వరం మూడోవాడిది."

కొడుక్కి నవ్వొచ్చింది. పెళ్ళాం మొహం చూసి దాన్ని దగ్గుగా మార్చాడు.

"జనానికి సొంత బుర్రలేడుస్తాయా? ఒకళ్ళని చూసి ఒకళ్ళు పెట్టుంటారు. దానికి నేనేం చెయ్యను?" అంది రిజిస్టరమ్మ.

"చేసింది మీరే. మిగతా ఐదుగురి అమ్మల్నీ కూర్చోబెట్టి అడిగాను, ఈ పేరు మీకెలా తట్టిందండీ అని. ఐదుగురూ ఒకటే మాట. 'మూడో కిటికీ ఆవిడ రాసేసిందండీ, రాజాలా ఉంటుందంది' అని."

రిజిస్టరమ్మ చేతిలోని పక్కగుడ్డ సగం మడతలో ఆగిపోయింది.

"అడిగారు, రాశాను. ఊరికే ఇచ్చినదానికి కూడా నింద మొయ్యాలా?"

"ఊరందరికీ పంచగా మిగిలిందే సొంత మనవడికి పెట్టారన్నమాట."

ఆ మాట వెళ్ళి సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. ఎందుకంటే సంగతి పూర్తిగా తిరగబడి ఉంది. ఇంట్లోవాడి కోసం దాచిందే ఊళ్ళోవాళ్ళకి వెళ్ళింది. ఆ ముక్క చెప్తే సరిపోయేది. కానీ రాని కొడుకు గురించి కోడలి ముందు నోరు విప్పడమా? రిజిస్టరమ్మకి చేతనైంది ఒక్కటే, అదే చేసింది.

"అద్దాలు రుద్దుకునేదానివి, పేర్ల సంగతి నీకేం తెలుసే?"

"రుద్దుతాను గనకే కనిపించింది అత్తయ్యా. చిన్నాడి పేరు నేను పెట్టుకుంటాను. ఈ ఊళ్ళో ఎవరికీ లేని పేరు. మీ రిజిస్టరులో ఇంతవరకూ రానిది."

"నా రిజిస్టరులో రానిది పేరే కాదు."

కొడుకు అటూ ఇటూ చూశాడు. "ఇద్దరూ చెప్పింది బావుంది" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి, "నువ్వుండు", "మీరుండండి" అన్నారు. కొడుకులో దీపం ఆరిపోయింది.

మర్నాటి నుంచి కోడలు పిల్లాడికి పాలిస్తూ ఫోన్‌లో చూసి ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టింది. వంటగదిలోంచి రిజిస్టరమ్మ జవాబులు.

"రాశాను."

"ఇదీ?"

"రాశాను. పోయినేడు రెండుసార్లు. ఒకడి తండ్రికి కోరమీసం, ఇంకోడి తండ్రికి అసలు జుట్టే లేదు."

"ఇది?"

"నీ ఎదురింటి కుక్కకుంది, చూసుకో."

నాలుగు రోజులు ఇదే వరస. వెటకారం చేసి కోడలి నోరు మూయిస్తున్నాననుకుంది రిజిస్టరమ్మ. తనని జల్లెడలా వాడుకుంటోందని ఆవిడకి తట్టనేలేదు. అంత తెలివిగల మనిషికి, ఎదుటివాళ్ళకీ తెలివుంటుందన్న ఆలోచన రాదు.

పంతొమ్మిదో రోజున కోడలు ఒక పేరు చదివింది. ఫోన్‌లోది కాదు, తను కాగితం మీద నాలుగైదు సార్లు రాసి కొట్టేసి, కూర్చుకున్నది. పలకాలంటే నోరు మూడుసార్లు తెరవాలి, మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి.

వంటగదిలోంచి మాట రాలేదు.

"రాశారా అత్తయ్యా?"

రాశాననేస్తే అయిపోయేది. ఒక్క అబద్ధం. ఎవరెళ్ళి వెతకొచ్చారు గనక? కానీ తన రిజిస్టరులో లేనిదాన్ని ఉందని చెప్పడానికి ఆవిడ నాలుక తిరగలేదు. అబద్ధం పాపమని కాదు. పక్క కిటికీవాడి స్థాయికి దిగిపోవడం.

"లేదు" అంది చివరికి.

"మరింకేం. ఇదే."

"దాని అర్థమేంటే?"

"ఇంకా లేదు. వాడు పెద్దయ్యాక పెట్టుకుంటాడు లెండి."

కొడుకు రెండుసార్లు పలికి చూశాడు. రెండోసారి నాలుక కొరుక్కున్నాడు.

ఇరవై ఒకటో రోజు పొద్దున, అత్తగారు వెళ్ళిన బస్సు తర్వాత బస్సులో కోడలు ఆఫీసుకి వచ్చింది. ఫారం ఇంట్లోనే చేతికివ్వొచ్చు. ఇవ్వలేదు. చంటివాణ్ణి ఎత్తుకుని మూడో కిటికీ ముందు వరుసలో తొమ్మిదో మనిషిగా నిలబడింది. తన వంతు వచ్చాక ఫారం ఊచల్లోంచి లోపలికి తోసింది.

రిజిస్టరమ్మ తలెత్తింది. ఎదురుగా వాడు, మూతి ఓ పక్కకి పెట్టుకుని నిద్రపోతున్నాడు. అచ్చం తన మూతే.

"పేరు?" అంది ఎవరో పరాయివాళ్ళని అడిగినట్టు.

"ఫారంలో ఉంది."

ఆవిడ పెన్ను పెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా మగపిల్లాడనగానే కదిలిన చెయ్యి కదా, తనంతట తనే కదిలింది. మూడక్షరాల పేరులో మొదటి అక్షరం గుండ్రంగా, ముత్యంలా, పూర్తిగా పడిపోయింది.

"అత్తయ్యా" అంది కోడలు మెల్లగా, "అది పెద్దాడిది."

రిజిస్టరమ్మ ఆ అక్షరం వంక చూసింది. ఆ పక్కనే మిగతా రెండూ రాసేస్తే? చట్టప్రకారం పిల్లాడు అదే అయిపోతాడు. మార్చాలంటే కోడలు కోర్టుల చుట్టూ తిరగాలి. నెలాఖరుకి తాను ఈ కుర్చీలో ఉండదు. ఎవరడుగుతారు? పెన్ను కాగితం మీద ఆగింది. మొన జల్లెడ కన్నమంత సిరా చుక్క వదిలింది. అప్పుడు ఆవిడకి ఆరుగురు పిల్లలు ఒకేసారి లేచి నిలబడటం కనిపించింది. ఏడోవాడు కూడా లేచాడు.

అక్షరం మీద గీత గీసింది. పక్కన పొట్టి సంతకం పెట్టింది.

పక్క కిటికీ గుమాస్తా మెడ సాచి చూశాడు. ఇన్నేళ్ళూ దీని కోసమే కాచుకున్నాడేమో. "ఏంటమ్మా, మీ పుస్తకం మీదా కోడి నడిచిందా?"

"నీ పని చూసుకోవయ్యా" అంది కానీ, ఆ మాటలో పదును లేదు.

కోడలు కూర్చుకున్న పేరు, ఒక్కో అక్షరం ఫారంతో పోల్చుకుంటూ, బళ్ళో పిల్లలా రాసింది.

"ఒకసారి చదవండి" అంది కోడలు.

"నాకు చదవడం రాదనుకుంటున్నావా?"

"వాడు వినాలి కదా, మీ నోట."

రిజిస్టరమ్మ చదివింది. నోరు మూడుసార్లు తెరిచింది, మధ్యలో ఊపిరి తీసుకుంది. చంటివాడు కళ్ళు తెరిచి, ఆవిడ మొహంలోకి ఆవులించి, మళ్ళీ మూసుకున్నాడు. మర్యాద తెలియని పిల్లాడు. ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

కోడలు రసీదు మడిచి సంచిలో పెట్టుకుంటోంది. వెనక నుంచి ఒక కుర్రతండ్రి ముందుకి జరిగాడు. చొక్కా గుండీలు ఒకటి కిందకి ఒకటి పైకి పెట్టుకుని ఉన్నాడు. తల గోక్కున్నాడు.

"ఇంకా ఏమీ అనుకోలేదమ్మా. మగపిల్లాడు. మీరే ఏదో మంచి పేరు..."

కోడలి చెయ్యి సంచి జిప్పు మీద ఆగింది. రిజిస్టరమ్మ అది చూసింది.

"తొమ్మిది నెలలు ఏం చేశావయ్యా, గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నావా?" అంది. "ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణడుగు. నా దగ్గరున్నది ఒకటే పేరు. అది మా పెద్ద మనవడిది. వాడి కోసమే పెట్టుకున్నది. ఇన్నాళ్ళూ ఊరివాళ్ళు అడిగితే అరువిచ్చాను, అంతే."

కోడలు జిప్పు మెల్లగా చివరిదాకా లాగింది.

"నిలబడ్డావేంటే?" అంది రిజిస్టరమ్మ. "వరుస ఆగిపోయింది. తర్వాత!"