ట్యాక్స్ పడలేదు కదా మేడమ్!

2024 అక్టోబరు. పటమటలో మా ఆఫీసు ఒక మందుల షాపు పైన ఉంది. ఉద్యోగస్తుల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల హడావుడి జులైతో అయిపోతుంది కాబట్టి అక్టోబరులో మాకు కాస్త ఊపిరాడుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం రూతమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ప్లాస్టిక్ కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజరుగా చేసి, భర్తకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక ఉద్యోగం మానేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను లక్షాధికారిని అయిపోయానంటండీ మేడమ్ గారూ! మా ఆయన ఆరోగ్య కార్డు ఆపేశారు. సోమవారం నుంచి డయాలసిస్‌కి డబ్బు కట్టమంటున్నారు."

"ఎవరన్నారమ్మా?"

"ముందు హాస్పిటల్లో అన్నారండీ. వార్డు సచివాలయానికెళ్తే, నీ రిటర్నులో ఆదాయం కార్డు పరిమితి దాటిపోయింది, మేమేం చెయ్యలేం అన్నారు. ఆ రిటర్నేంటో నాకేం తెలుసండీ? రీఫండొస్తదంటే ఆధార్ ఇచ్చా, పాన్ ఇచ్చా, వచ్చేశా."

ఆమె దగ్గరున్న రిటర్ను కాపీ తీసుకుని చూశాను. ఉద్యోగం మానేదాకా వచ్చిన జీతం ఉంది. దాని కింద, మానేశాక తీసుకున్న పీఎఫ్ మొత్తం కూడా ఆదాయంగా వేసి ఉంది. ఏళ్ల తరబడి జీతంలోంచి కోయించుకుని దాచుకున్న డబ్బు అది. దాన్ని ఆ ఏడాది సంపాదనలో కలిపేశారు.

"ఆ కంపెనీలో ఎన్నేళ్లు చేశారు?"

"నాలుగేళ్లండీ."

"అంతకుముందు?"

"ఆటోనగర్లో స్పేర్‌పార్ట్స్ కంపెనీ, స్టోర్స్‌లో. మూడేళ్లు. ఆ పీఎఫ్ తీసుకోలేదండీ, కొత్త దాంట్లోకి మార్పించుకున్నా. అప్పుడే తీసేసుంటే ఖర్చైపోయేదని మా ఆయనే ఒద్దన్నాడు."

ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ తీసుకుంటే సాధారణంగా దాని మీద పన్ను ఉంటుంది. నిండితే ఉండదు. అయితే పాత ఉద్యోగంలోని పీఎఫ్‌ను కొత్త ఖాతాలోకి బదిలీ చేయించుకుంటే, డబ్బుతో పాటు పాత సర్వీసు కూడా వస్తుంది. మూడూ నాలుగూ ఏడు. రూతమ్మ తీసుకున్న దాంట్లో ఒక్క రూపాయి మీద కూడా పన్ను లేదు. కొత్త కంపెనీ ఆఫీసువాళ్లు పాత సర్వీసు చూపించకుండా కాగితాలు పంపారు కాబట్టి నాలుగేళ్లే లెక్కకొచ్చాయి. దాంతో టీడీఎస్, అంటే ముందే పన్ను కోసుకోవడం, జరిగిపోయింది. ఆ కోసిన డబ్బు రీఫండుగా ఇప్పిస్తానని ఆమెను పిలిచినవాడు సెంటర్లో నెట్ షాపతను. ఈ షాపులవాళ్లకు ఫీజు అంటూ ఉండదు. రీఫండులో వాటా తీసుకుంటారు. అందుకని ఆ రీఫండు తప్ప ఇంకేమీ చూడరు. చిన్న ఆదాయాలకిచ్చే రిబేటు వల్ల ఎలాగూ పన్ను సున్నా అవుతుంది, కోసింది మొత్తం వెనక్కి వస్తుంది. ఇంక ఈ మనిషిని కూర్చోబెట్టి పాత ఉద్యోగం గురించి ఎవరు అడుగుతారు?

దిద్దడం పెద్ద పనేం కాదు. డిసెంబరు ఆఖరుదాకా రివైజ్డ్ రిటర్ను వేయొచ్చు. పీఎఫ్‌ను పన్ను లేని రాబడి గడిలో చూపిస్తే చాలు. కానీ పోర్టల్లో ఉన్న ఫోన్ నంబరూ, మెయిలూ ఆ షాపతనివి. పాస్‌వర్డు అతని దగ్గరే ఉంది. ఆధార్‌కి లింకైన రూతమ్మ పాత సిమ్ము ఎప్పుడో పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె పేరు మీద ప్రభుత్వానికి చెప్పే మాటకి తాళంచెవి ఇతని జేబులోనా?

ఇద్దరం షాపుకి వెళ్లాం. అతను స్క్రీను మీంచి తల కూడా ఎత్తలేదు.

"ట్యాక్స్ పడలేదు కదా మేడమ్! రీఫండ్ కూడా వచ్చింది. ఇంకేం కావాలి ఈవిడకి?"

"ఆమెకి రాని ఆదాయం వచ్చిందని రాశారు మీరు. వాళ్లాయన డయాలసిస్ ఆగిపోతోంది."

"కార్డుల సంగతి నాకెందుకండీ? నా పని రీఫండ్ తెప్పించడం."

"మీ పని అబద్ధం రాయడమా? ఓటీపీ చెప్తారా, లేక ఇక్కడ లైన్లో నిలబడ్డవాళ్లందరి రిటర్నులూ ఒక్కొక్కటే చదవమంటారా?"

లైన్లో ఒకాయన తన కాగితాలు వెనక్కి లాక్కున్నాడు. అది చూశాక షాపతను ఓటీపీ చెప్పాడు.

రిటర్ను సాయంత్రానికల్లా దిద్దేశాను. పాత పీఎఫ్ బదిలీ అయినట్టున్న పాస్‌బుక్కూ, రెండు కంపెనీల సర్వీసు వివరాలూ జతచేసి సచివాలయంలో ఇప్పించాను. వాళ్లు పైకి పంపారు. పైవాళ్లు చూడాలి. అంతదాకా డబ్బు కట్టాల్సిందే.

ఆ తర్వాతి వారం పొద్దున్నే రూతమ్మ ఫోను చేసింది.

"మిషను చెడిపోయిందంట, రెండ్రోజులాగి రమ్మన్నారు అని మా ఆయన చెప్పాడండీ. నేను నమ్మేశా. అసలు హాస్పిటల్‌కే వెళ్లలేదండీ, చర్చి మెట్ల మీద కూర్చుని వచ్చేశాడు. డబ్బులు మిగులుతాయని. ఇప్పుడు ఊపిరాడక ఐసీయూలో పెట్టారు."

నేను ఏమన్నానో గుర్తులేదు. ఫోను పెట్టేశాక మాత్రం ఏడ్చాను. దుఃఖం కంటే కోపం ఎక్కువ. ఎవరి మీదని పడను? కాగితాలు సగం పంపిన కంపెనీ మీదా, కమీషను తప్ప మనిషి కనపడని షాపు మీదా, "సిస్టమ్‌లో అలా ఉంది" అని చెప్పి చేతులు దులుపుకునే అందరి మీదా?

ఆయన బతికాడు. మూడో వారానికి కార్డు మళ్లీ పనిచేసింది. ఐసీయూ బిల్లుకి మాత్రం రూతమ్మ గాజులు పోయాయి.

అప్పటినుంచి పీఎఫ్ తీసుకుని వచ్చిన ఎవరినైనా సరే, కంప్యూటరు తెరవకముందే, అంతకుముందు ఎక్కడ చేశారు, ఆ పీఎఫ్ ఏం చేశారు అని అడుగుతున్నాను. పన్ను సున్నా వచ్చినంత మాత్రాన రిటర్ను సరైనదైపోదు. ఒక మనిషి తన బతుకు గురించి సంతకం పెట్టి చెప్పే మాట అది. ఆ మాట చదివి ఆ మనిషికి ఏమివ్వాలో, ఏం ఆపాలో తేల్చేవాళ్లు వేరే చాలామంది ఉంటారు.

కార్డు వచ్చిన కొన్నాళ్లకి షాపతను నాకు ఫోను చేశాడు.

"మేడమ్, ఆ రూతమ్మ రీఫండ్ ఏమన్నా మారిందా?"

"లేదు. పైసా మారలేదు."

"మరి చెప్పాగా మేడమ్! అటు వేసినా ఇటు వేసినా ఒకటే. నేను కరెక్టే చేశాను."

హాస్పిటల్ పేరు చెప్పాను. డయాలసిస్ వార్డు రెండో అంతస్తులో ఉందని చెప్పాను. మంగళవారం పొద్దున వెళ్తే రూతమ్మ భర్త అక్కడే ఉంటాడు, ఇదే మాట ఆయన ముందు నిలబడి చెప్పి రమ్మన్నాను.

ఫోను పెట్టేశాడు.