కాల్చలేకపోయిన ఫోటో

ఫహాహీల్‌లో నేను పనిచేసిన అరబ్బుల ఇంటి పెద్దాయన మజ్లిస్ మెంబరు. మన అసెంబ్లీ లాంటిదే వాళ్ల మజ్లిస్. మొదటిసారి ఓట్లు పెట్టినప్పటి నుంచీ ఆయనే గెలుస్తూ వచ్చాడట. మధ్యలో మజ్లిస్‌ని మూసేసినా జనం మాత్రం ఆయన దివానియాకి రావడం మానలేదు. మగవాళ్లు వచ్చి కూర్చునే పెద్ద గది అది. కొడుక్కి ఉద్యోగమని ఒకడు, ఇంటి ముందు రోడ్డని ఒకడు. ఎంత చిన్నవాడొచ్చినా ఆయన లేచి నిలబడేవాడు. టీ పోస్తూ చూసేదాన్ని. ఆయన్ని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేదాన్ని.

ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక, ఇలాంటి పేరున్నవాళ్లను వెతికి పట్టుకుపోతున్నారని తెలిసింది. బాబా తెల్ల అంగీ తీసేసి డ్రైవరు ప్యాంటు వేసుకున్నాడు. ఎవరడిగినా బట్టల దుకాణం నడిపి మానుకున్నవాడినని చెప్పాలి. గుండీ పడక ఆయన తిప్పలు పడుతుంటే మామా నవ్వింది. "పెళ్లినాడు కూడా ఇంత పడుచుగా లేవు" అంది.

తర్వాత నన్ను పిలిచి ఒక కట్ట కాగితాలు, గోడ మీది ఫోటో ఇచ్చి పెరట్లో కాల్చమంది. కాగితాలు కాల్చాను. ఫోటోలో బాబా మజ్లిస్‌లో నిలబడి ప్రమాణం చేస్తున్నాడు. దాన్ని మంటలో వేయడానికి చెయ్యి రాలేదు. నా మొగుడి చితికి నిప్పు పెట్టి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. బతికున్న మనిషి మొహాన్ని తగలబెట్టేదెట్లా? మా కడప వైపు గిట్టని లీడరు దిష్టిబొమ్మనే అట్లా కాలుస్తారు.

చీరలో చుట్టి నా రేకు పెట్టె అడుగున పెట్టాను. మామా అడిగితే, "అన్నీ అయిపోయినాయి మామా, ఖలాస్" అన్నాను.

నాలుగు రోజులకు సైనికులు తుపాకుల కోసమని ఇల్లంతా వెతికారు. మామాను లోపలి గదిలో ఉంచి తలుపేశారు. నా పెట్టె బోర్లించారు. ఆఫీసరు ఫోటోను చూశాడు, బాబాను చూశాడు. ఎవరిదిది అని నన్నడిగాడు. బాబా ముందుకొచ్చాడు.

"నాదే. నేనే దాచిపెట్టమన్నాను. ఆమెకు చదువు రాదు, వదిలెయ్."

ఆయన్ని తీసుకుపోయారు. మామా బయటికొచ్చి, ఎట్లా కనుక్కున్నారని నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు తెలియదన్నాను. పక్కనే నా చీరలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఫోటోను వాళ్లే పట్టుకుపోయారు గనక నా అబద్ధం నిలబడింది.

యుద్ధం ముగిశాక బాబా తిరిగొచ్చాడు, కుడికాలు ఈడ్చుకుంటూ. మళ్లీ ఓట్లు వచ్చాయి. ఓట్లంటే రోజూ పది దివానియాలు తిరగాలి, ప్రతి చోటా లేచి నిలబడాలి. ఆ కాలితో తనవల్ల కాదని ఆయన పోటీకి దిగలేదు. అన్నేళ్లు గెలిచిన మనిషి, ఇంట్లో కూర్చుండిపోయాడు.

ఒక సాయంత్రం దివానియాలో ఎవరో అడిగారు, వేషం మార్చినా ఎట్లా గుర్తుపట్టారని.

"ఇన్నేళ్లు ఓట్లడిగిన మొహం, ఎక్కడ దాగుతుంది?" అన్నాడు బాబా. అందరూ నవ్వారు. ఆయన నా వైపు చూడలేదు.

మామాకూ ఆయన అదే చెప్పాడు. ఆమె పోయేదాకా నేను ఆ ఇంట్లోనే పనిచేశాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి, ఆ కష్టంలో నమ్మకంగా నిలబడింది ఇదేనని చెప్పేది. కాదు మామా అని ఒక్కరోజు కూడా అనలేకపోయాను.