గోడ మీద పన్న చుక్కలు

మా బావ టేపు తీస్తే చాలు, బట్ట భయపడి కుంచించుకుపోయేది. నమ్మకపోతే మానెయ్యండి.

ఆ ఏడు బావ తన షెడ్డులో సాంచాల మీద, అదే కరెంటు మగ్గాల మీద, బడి పిల్లల యూనిఫాం బట్ట నేస్తున్నాడు. పన్న, అంటే బట్ట వెడల్పు, ఒకచోట ఎక్కువగా, ఇంకోచోట తక్కువగా ఉందని ఒక తాను వెనక్కొచ్చింది. మళ్లీ ఇట్లాగే వస్తే ఆర్డరు వేరే షెడ్డుకు పోతుందన్నారు. అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నస్పూర్ దగ్గర పైపుల కార్ఖానాలో కొలతలు చూడటమే నా కొలువు. సెలవు పెట్టి వెళ్లాను.

బావ మాటిమాటికీ టేపు పెట్టేవాడు. పన్న వెంట్రుకవాసి తగ్గితే, పడుగు దారాల బిగువు సడలాలని, ఆ దారాలు చుట్టిన బీముకు వేలాడే బరువుల్లోంచి ఒకటి తీసేవాడు. పెరిగితే ఒకటి తగిలించేవాడు. ఇనుప ముక్కలు చాలక అక్క రోకలిని కూడా వేలాడదీశాడని, కారం దంచాలంటే సాంచా ఆపాల్సిందేనని హుజూరాబాద్ దాకా చెప్పుకొచ్చాను.

కొలిచిన ప్రతి పన్ననూ గోడ మీద సుద్దముక్కతో చుక్కగా పెట్టాను. బావ బరువు ముట్టినప్పుడల్లా ఎర్ర చుక్క. ఎర్ర చుక్క తర్వాతి చుక్క ఎగిరి దూకేది. బావ బయటికి పోయి, అక్క కొలిచినప్పుడు మాత్రం చుక్కలు బుద్ధిగా ఉండేవి. ఆ బుద్ధిమంతుల సగటు దగ్గర ఒక గీత, వాటి మామూలు ఊగులాటను లెక్కగట్టి పైనొకటి, కిందొకటి గీశాను.

"బావా, సాంచా మంచిగనే ఉన్నది. నీ చేతులే ఊకుంటలేవు. చుక్క గీ గీతలు దాటితేనే బరువు ముట్టు."

"తక్కువొస్తే సూస్కుంట కూసోవాల్నా? మంథని బస్సుల చేప టికెట్ తీస్కున్నదని చెప్పినోనివి, నిన్నెట్ల నమ్మాలె బామ్మర్ది?"

"చేప ముచ్చట అబద్ధమే. గిది నా కొలువు ముచ్చట."

అక్క అందుకుంది. "నిన్న అన్నం ఉడుకుతుంటే గూడ ఊకె మూత తీసి సూసినవ్. సగం పలుకే ఉండె. గా చేతులు జర కట్టుకొని కూసోరాదయ్యా!"

బావ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. సాంచాను నిమురుతున్నట్టు నటిస్తూ లేచేవాడు. అక్క దగ్గితే మళ్లీ కూర్చునేవాడు. చుక్కలు కాస్త పైకీ, కాస్త కిందికీ పోతూ గీతల మధ్యనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం కింది గీత దాటింది.

"గిప్పుడు ముట్టాల్నా?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"ముట్టు."

చూస్తే బరువు తాడు పక్కకు జారి బీము అంచున ఇరుక్కుంది. దాన్ని సరిచేశాక చుక్కలు మళ్లీ లోపలికొచ్చాయి.

తాను నేయడం పూర్తయ్యాక, దాన్ని తీసుకునే మనిషి వచ్చి బట్టను బల్ల మీద పరిచాడు. మొదట, మధ్యలో, చివర టేపు పెట్టాడు. బావ చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"మంచిగున్నది. రేపు నేసేటందుకు ఇంకో పడుగు బీము పంపిస్త."

ఆయన వెళ్లగానే బావ గుమ్మంలో చతికిలబడ్డాడు. అక్క చాయ్ తెచ్చింది.

"బామ్మర్ది, జర సాంచాలు బందుపెట్టు. సప్పుడు లేకుంట ఒక్క చాయ్ తాగుత."

స్విచ్చులు ఆపి, వాళ్ల పక్కనే కూర్చున్నాను.