మూడో రోజుకే మగ్గిన కాయలు

ఈ ఏడు తోట నన్ను పీల్చి పిప్పి చేసింది. రెడ్డిగూడెం దగ్గర మా మామిడి తోటలో తేనెమంచు పురుగు పూతలోనే సగం పంట తినేసింది. మిగిలిన కాయని పొద్దున్నుంచి షెడ్డులో ఏరించి, మధ్యాహ్నం ఇంటికొచ్చి మంచం మీద పడితే కాళ్లు నావి కావు. నిద్ర పట్టక కూతురి అలమరలోంచి నా చిన్నప్పటి పుస్తకాలు తీశాను. గుహల్లో దొంగల్ని పట్టుకునే పిల్లల కథలు, హాస్టల్ పిల్లల కథలు. బెజవాడ ఫుట్‌పాత్ మీద నాన్న కట్టగా కొనుక్కొచ్చిన ఇంగ్లీషు నవలలు.

ఈ వయసులో చదువుతుంటే విసుగొచ్చింది. ఆ పిల్లలు ఎప్పుడూ తింటూనే ఉంటారు, ఒక్కరికీ కడుపునొప్పి రాదు. బాత్రూమ్ దగ్గర లైనుండదు. దొంగలు కూడా మర్యాదస్తులే! ఇక అమ్మానాన్నలంటారా, మూడో పేజీలో రైలెక్కించి చేతులు దులుపుకుంటారు. మళ్లీ సెలవులకే కనిపిస్తారు. పదకొండేళ్లప్పుడు ఇదేదీ నా కంటికి ఆనలేదు.

"హాస్టల్లో వేస్తావా, వెయ్యవా?" అని అప్పట్లో నాన్న ప్రాణం తోడేశాను. వేశారు. వారం తిరక్కుండానే తత్వం బోధపడింది. గుహా లేదు, గుట్టా లేదు. బకెట్ పట్టుకుని లైను, నీళ్ల చారు, దుప్పటి కప్పుకుని ఏడుపు. అడిగి మరీ చేరినదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? నవలల్లోని సరదాలన్నీ ఎత్తి ఉత్తరాల్లో రాసేదాన్ని. నాన్న వాటిని కాయ కోసేవాళ్లకి చదివి వినిపించేవారట.

ఏప్రిల్లో నాన్న గంపెడు పచ్చి బంగినపల్లి కాయలు వరిగడ్డిలో పేర్చి పంపారు. నవలల్లో ఇంటి నుంచి బుట్ట వచ్చిందంటే ఆ రోజే విందు. నేనూ మూడో రోజే రాసేశాను, "నాన్నా, పళ్లు తేనెలా ఉన్నాయి, అందరం పంచుకుని తిన్నాం" అని. గంప విప్పనే లేదు. మామిడి తోటలో పుట్టి ఇంత తెలివితక్కువ అబద్ధం ఆడింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఉత్తరం అందిన మర్నాడే నాన్న హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డారు. "గడ్డిలో వేసిన కాయ వారానికి గానీ మగ్గదు కదమ్మా" అన్నారు. కోప్పడలేదు. నా పెట్టె ఆయనే మోశారు.

నా కూతురు కూడా అవే పుస్తకాలు చదివి, అదే పట్టు పట్టి, ఇంటర్‌కి బెజవాడ హాస్టల్లో చేరింది. వద్దని ఎంత చెప్పినా విన్లేదు. వేసవిలోనూ క్లాసులే. మొన్న ఆదివారం ఫోన్లో గలగలా చెప్పింది. కొండ మీదకి పిక్నిక్ వెళ్లారట, వాన పట్టుకుందట, ఎవరో ముసలమ్మ లోపలికి పిలిచి, తలలు తుడిచి, వేడివేడి పునుగులు పెట్టిందట. లారీ డ్రైవర్‌తో మాట్లాడుతూనే నేను ఊఁ కొట్టాను.

తీరా ఇప్పుడు చూస్తే ఆ ముసలమ్మ నా చేతిలోని నవల ఏడో అధ్యాయంలో ఉంది. అదే కొండ, అదే వాన, అదే తువ్వాలు. బిస్కట్లు తీసేసి పునుగులు పెట్టింది నా కూతురు. బెజవాడలో చినుకు పడి నెల దాటింది. నాన్న ఒక్క గంపతో పట్టేశారు. నేను ఎన్ని ఆదివారాలు విన్నాను! సిగ్గుతో చచ్చిపోయాను.

చెప్పులేసుకుంటుంటే మా ఆయన, "లోడు ఎత్తాలి కదా, ఇప్పుడెక్కడికి?" అన్నారు.

"మీరే ఎత్తించండి" అనేసి, నూజివీడు వెళ్లి బస్సెక్కాను.

పిల్ల గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కళ్ల కింద నలుపు, పుల్లల్లాంటి చేతులు. "ఏంటి మమ్మీ, చెప్పకుండా వచ్చేశావు?"

"పునుగులు పెట్టిన ముసలమ్మని చూసిపోదామనే."

దాని నవ్వు ఆగిపోయింది. "ఆ పుస్తకం మళ్లీ చదివావా?" అంది. నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు వద్దన్నావుగా మమ్మీ, ఏ మొహంతో చెప్పను?"

"పెట్టె ఎక్కడుంది?" అన్నాను.

నడుం విరిగిపోతోంది. అయినా నేనే మోశాను.