కాజాలమ్మ చదువు

నలభై ఏళ్లు దర్జీ కొట్టులో చొక్కాలకు కాజాలు కుట్టింది కాబట్టి అందరికీ ఆమె కాజాలమ్మ. డెబ్బై ఒకటో ఏట కంటిశుక్లాలు తీయించుకుంది. చుక్కల మందు అయిపోయిన రోజే పోయి మసీదు మేడమీద ఆడవాళ్ల ఖురాన్ తరగతిలో పేరు రాయించుకుని వచ్చింది.

అన్నం తింటున్న కొడుకు చెయ్యి ఆపాడు. "మెట్లు పద్దెనిమిదున్నాయమ్మా. నీ మోకాళ్లేమో అంతంతమాత్రం. నమాజులో చదివే సూరాలు నోటికొచ్చుగా, ఇంకేం చదువు?"

"విని నేర్చుకున్నానురా, చూసి చదవలేదు. కొత్త కళ్లు వచ్చింది గోడలు చూడ్డానికా?"

తరగతిలో పెద్దవాళ్లకు వెనక కుర్చీలు వేశారు. "మీరు హాయిగా వింటూ కూర్చోండి నానీ," అంది పంతులమ్మ, అమ్మమ్మను పిలిచినట్టు. ఆమెకు ముప్పై కూడా లేవు.

"వినడానికైతే ఇంట్లో కోడలి మాటలు చాలు. నాకు అక్షరాలు చెప్పు." కాజాలమ్మ కుర్చీ ఈడ్చుకుపోయి బోర్డు ముందు వేసుకుంది.

అరబీ అక్షరాలు అలీఫ్, బే దగ్గర మొదలు. కట్టుడుపళ్లు రెండుసార్లు జారి ఒళ్లో పడ్డాయి. తుడిచి పెట్టుకుని మళ్లీ చదివింది.

నాలుగో నెలలో పంతులమ్మ ఒక మాట దగ్గర ఆపింది. "ఇది గొంతు లోపలినుంచి పలకాలి నానీ. అప్పుడే 'చెప్పు' అని అర్థం. మీరన్నట్టు పైపైన పలికితే 'తిను' అవుతుంది."

కాజాలమ్మ కొయ్యబారిపోయింది. యాభై ఏళ్లుగా నమాజులో 'చెప్పు' అనాల్సినచోట 'తిను' అంటోంది. పైగా కొడుక్కి నేర్పిందీ తనే. ఆమె కళ్లలో నీళ్లు చూసి పంతులమ్మ గొంతు తగ్గించింది. "తెలియక చేసిందే కదా. తడబడుతూ చదివేవాళ్లకు పుణ్యం రెండింతలంటారు."

"పుణ్యం సంగతి పైవాడు చూసుకుంటాడు. ముందు ఆ అక్షరం ఎక్కడినుంచి లేస్తుందో చూపించు."

వారం రోజులు ఇల్లంతా తిరుగుతూ గొంతు సవరించింది. కోడలు దగ్గుమందు తెచ్చిపెట్టింది.

శుక్రవారం కొడుకుని ఎదుట కూర్చోబెట్టి చదివించింది. "తప్పు," అంది. యాభైకి దగ్గరపడ్డవాడు మొహం గంటు పెట్టుకున్నాడు. "నువ్వు నేర్పిందేగా?"

"అవును, తప్పు నేర్పాను. అందుకే దిద్దుతున్నాను. నోరు తెరువు."

ఏడోసారికి అక్షరం సరిగ్గా పడింది. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

ఏడాదిన్నర తిరిగేసరికి ఖురాన్ చివరి భాగమంతా వేలు పెట్టి చూసి చదివేసింది. మోకాళ్ల నొప్పి తగ్గలేదు. మెట్ల మీద రెండుచోట్ల ఆగి ఎక్కేది. వెనక వరుస ముసలమ్మల్లో ముగ్గురు పలకలు పట్టుకుని ముందుకొచ్చారు.

"ఇప్పుడు వీటి అర్థం చెప్పు," అందొకరోజు పంతులమ్మతో.

"అది పెద్ద చదువు నానీ. మూడేళ్లు పడుతుంది."

"పట్టనీ. నాకేమన్నా పెళ్లిచూపులున్నాయా?" అంటూ కాజాలమ్మ కొత్త నోటుబుక్కు తెరిచింది.