నంద్యాల ఎండకు కరిగిన జెల్

తొంభైల్లో ఆళ్లగడ్డలో మా వీధి మొత్తానికి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివినవాడు ఆయనొక్కడే. వరసకు ఏమీ కాడు, అయినా అన్నా అనే పిలిచేదాన్ని. ఇంటర్లో నాకు పాఠాలు చెప్పింది ఆయనే. మా అమ్మ జొన్నరొట్టెలు చేసిందంటే ఆయనకు రెండు తీసి పక్కన పెట్టేది. తర్వాత ఆయన ఒక పెద్ద పరిశోధన సంస్థలో చేరి నగరానికి వెళ్లిపోయాడు. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సు. శిరివెళ్లలో ఎవరన్నా దిగి సీటు దొరికితే అదే మహాభాగ్యం.

ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీలో చేరాను. తమంతట తామే ఒకదాన్నొకటి పట్టుకుని జెల్‌గా మారే అణువులంటే నాకు పిచ్చి. సెమీకండక్టర్ అంటే అందరికీ సిలికాన్ గుర్తొస్తుంది గానీ, కొన్ని కర్బన రసాయనాల్లో కూడా కరెంటు పాకుతుంది. బల్లపరుపుగా ఉండే ఆ అణువులు రొట్టెల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి చేరి సన్నటి దారాలవుతాయి. ఆ దారాలు చిక్కుపడి ద్రవాన్ని కదలనీయకుండా పట్టేస్తాయి. ఎవరూ అల్లనక్కర్లేదు. వేడిగా కరిగించి, చల్లారేదాకా ముట్టుకోకుండా ఉంటే చాలు.

కార్లకు వేసే పెయింట్లలోని ఒక ఎర్ర రంగు అలాంటి అణువే. కానీ అది దేనిలోనూ కరగని మొండిది. అది కరగాలంటే దానికి పొడుగాటి తోక తగిలించాలి. పుస్తకాల్లో చెప్పిన తోకల ధర నాకు అందేది కాదు. మా అమ్మ పెరట్లో ఆముదం వండుతుండగా తట్టింది నాకు. ఆమె గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీస్తుంది. ఎవరైనా వస్తే గబగబా మూత పెట్టేస్తుంది, పరాయి కళ్లు పడితే నూనె విడవదని. ఆ నూనెలోని ఆమ్లానికి నాకు కావలసినంత తోక ఉంది, పక్క అణువును పట్టుకోవడానికి మధ్యలో కొక్కెం లాంటిది కూడా ఉంది. సెలవులన్నీ దానికే ధారపోశాను. పెళ్లిళ్లకు పోలేదు. బంధువులు నాకు పొగరెక్కిందన్నారు. ఎక్కితే ఎక్కిందిలే అనుకున్నాను.

ఒక జనవరి ఉదయం కాలేజీ ల్యాబ్‌లో చిన్న ఇంజెక్షన్ సీసాను తలకిందులు చేశాను. జెల్ అయిందో లేదో తేల్చుకోవడానికి అందరూ చేసే పరీక్ష అదే. చుక్క కారలేదు. ఎర్రగా, జున్నుముక్కలాగా, సీసా అడుగుకే అతుక్కుని నిలబడింది. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

మే నెలలో అన్న ఊరికొచ్చాడు. నా గైడ్‌కు ఈ విషయం అంతగా తెలియదు. అన్నకు కాక ఇంకెవరికి చూపిస్తాను? నంద్యాల ల్యాబ్‌కు తీసుకెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు, కిటికీ తెరిస్తే వడగాలి. సీసా వంచాను. ఎర్ర నీళ్లలాగా జారిపోయింది.

"చలికాలంలో నిలబడిందన్నా. నా కండ్లతో చూసినా," అన్నాను.

"చలికి నెయ్యి గూడా గడ్డ కడతాది పాపా. దాన్ని జెల్ అంటారా ఎవరన్నా? ఇది యాడికీ పోదు. ఊరికే వయసు పోగొట్టుకుంటాండావ్. ఇంగేదన్నా చూసుకో."

పోతూ పోతూ, ఊరికే చూస్తాలే అని, నేను తయారుచేసిన ఆ ఎర్ర రసాయనం పొడి కొంచెం తీసుకున్నాడు. ఎలా చేశావని బస్సులో దారి పొడుగునా అడిగాడు. మా అమ్మ మూత పెట్టే సంగతితో సహా అన్నీ చెప్పాను. పరాయివాడు కాదు కదా.

ఆయన మాట నమ్మాను. ఆ పని వదిలేసి, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద ఏదో రాసి పీహెచ్‌డీ అయిందనిపించాను.

కొన్నేళ్లకు మా కాలేజీలో సెమినార్ పెట్టారు. ముఖ్య అతిథిగా ఆయన్ను పిలుద్దామన్నది నేనే. ఆయన మాట్లాడుతూ తెర మీద ఒక బొమ్మ చూపించాడు. తలకిందులుగా సీసా, అందులో నా ఎరుపు. ఎక్కడున్నా దాన్ని గుర్తుపడతాను. తమ ల్యాబ్‌లో కనిపెట్టామన్నాడు. "మా అమ్మ ఆముదం వండుతాంటే ఎవరన్నా వస్తే మూత పెట్టేది," అని హాలంతా నవ్వించాడు. వాళ్లమ్మ ఏనాడూ ఆముదం వండలేదు, అంగట్లో కొనేది. వేడికి కరగడం, చల్లారితే మళ్లీ పేరుకోవడం ఇలాంటి జెల్‌లకు సహజమేనని, అదే వాటి గొప్పతనమని కూడా చెప్పాడు. ఆ మాటకు నా ఒళ్లు భగ్గున మండింది. ఆ మధ్యాహ్నం సీసా జారినప్పుడే ఆయనకు తెలుసన్నమాట!

చివర్లో, ఆముదం పంపిన సోదరికి కృతజ్ఞతలంటూ వేలెత్తి నన్ను చూపించాడు. పిల్లలంతా వెనక్కి తిరిగి నాకు చప్పట్లు కొట్టారు.

టీ దగ్గర పక్కకు పిలిచి అడిగాను. "అన్నా, అది నాది గదా?"

"నీది ఎండకు కరిగిపాయ గదా పాపా. నిలబెట్టింది నేను," అన్నాడు, బిస్కెట్ టీలో ముంచుకుంటూ. గొంతు ఏమాత్రం తడబడలేదు.

ఇంతలో సన్మానానికి రమ్మని మైకులో పిలిచారు. ఊరి ఆడపడుచు కదా అని శాలువా నా చేతికే ఇచ్చారు. ఆయనకు కప్పాను. ఫోటోకు నవ్వమంటే నవ్వాను.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సు దిగి ఇంటికెళ్లి అమ్మకు అంతా చెప్పాను. అణువులు, తోకలు ఆమెకు తెలియకపోవచ్చు, ఎవరి కష్టం ఎవరు తిన్నారో మాత్రం వెంటనే తెలిసింది. చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"వాడు దొంగని తెల్సినాక గూడా శాలువ ఎందుకు కప్పితివే?"

ఆయన మీద అరవాల్సిన అరుపంతా ఆమె మీద అరిచాను.