హ్యాండ్‌బ్యాగులో వంకాయలు, ఎదురుగా ఆరు తెరలు

మెట్టుగూడలో ఒక బడిలో లెక్కలు చెప్తాను. ఆదివారం పొద్దున్నే మోండా మార్కెట్‌కి వెళ్లి కూరగాయల ఫొటోలు తీయడం మూడేళ్లుగా నాకున్న పిచ్చి. సూర్యాస్తమయాలు, పక్షులు తీసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. కాకరకాయకి మాత్రం ఎవరూ లేరు. ఏమీ కొనకుండా కూరల గుట్ట ముందు మోకాళ్ల మీద కూర్చునే ఆడదాన్ని చూసి అమ్మేవాళ్లు మొదట్లో కంగారుపడ్డారు. తర్వాత అలవాటుపడిపోయి, "జెర పక్కకు జరుగమ్మా, గిరాకీ వస్తున్నది" అనడంతో సరిపెట్టుకున్నారు.

తీసిన ఫొటోలను ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్‌లో దిద్దుకునేదాన్ని. అది మా ఆయన మోటార్ల దుకాణంలో పదేళ్లు పనిచేసి రిటైరై మా ఇంటికి చేరింది. ఒక్క ఫొటో తెరుచుకునేలోపు కుక్కర్ మూడు కూతలు కూసేది. అదీ భరించాను. కానీ బడి వార్షికోత్సవానికి గోడ మీద పెడతామంటే నాలుగు ఫొటోలు పెద్ద సైజులో ప్రింటు వేయించాను. వంకాయలు సిరా నీలంలో వచ్చాయి. టమాటాలు ఉల్లిపాయల్లా ఉన్నాయి. మా హెడ్‌మిస్ట్రెస్ వాటిని చాలాసేపు చూసి, "ఇవి విదేశీ రకాలాండీ?" అని అడిగింది.

ఆ ప్రింట్లు వేసింది చిలకలగూడలో ఒక చిన్న స్టూడియో. ముప్పై ఏళ్లుగా ఆ పేటలో పెళ్లిళ్లు తీస్తున్న ముస్లిం పెద్దాయనది. ఏ పెళ్లికూతురినైనా ఒకే తెలుపులోకి తేగల దిట్ట. ఆయన మీదికి యుద్ధానికి వెళ్లాను. నేను అరిచినంతసేపూ ఓపిగ్గా విని, నా పెన్‌డ్రైవ్ తన కంప్యూటర్‌కి తగిలించి, తెర నావైపు తిప్పాడు. అక్కడా వంకాయలు నీలమే.

"ఇండ్ల నా తప్పేమున్నదమ్మా? నువ్వు గిట్లనే చేసి పంపినవ్. మీ ఇంట్ల స్క్రీన్ ఎర్రగ చూపిస్తుండొచ్చు. నువ్వు దాన్ని సరిచేస్త అనుకొని నీలం కలుపుకుంట పోయినవ్."

మూడేళ్లుగా నేను చేసిన పని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. గొంతు తగ్గించి అడిగాను. "అయితే ఏ కంప్యూటర్ కొనమంటారు భాయ్?"

"ఏదన్న కొను. డబ్బ మీది లైట్లు చూసి పరేషాన్ గాకు, స్క్రీన్ చూడు. నీకు మంచిగ తెలిసిన రంగు ఏదన్న పక్కన పెట్టుకొని చూడు. గంతే."

ఈ ముక్క మా ఆయనకి చెప్తే నవ్వాడు. వాళ్లు తెనాలి నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టుకున్న కుటుంబం. ఆ ఇంట్లో మిక్సీ కొనాలన్నా దాని వంశచరిత్ర తెలియాలి. రెండు వారాలు వీడియోలు చూసి, అర పేజీ జాబితా రాసుకున్నాడు. ముప్పై రెండు జీబీ కంటే తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు అసలు మనుషులే కారన్నట్టు మాట్లాడటం మొదలెట్టాడు. ఫొటోలు తీసేది నేనన్న సంగతి ఆ జాబితాలో లేదు.

శనివారం పార్క్ లేన్‌లో ఒక కంప్యూటర్ దుకాణానికి బయల్దేరాం. ఆయన జేబులో జాబితా. నా హ్యాండ్‌బ్యాగులో పేపర్లో చుట్టిన రెండు వంకాయలు, ఒక టమాటా, ఒక కాకరకాయ. వాటికే ఆ పొద్దున తీసిన ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.

టై కట్టుకున్న సేల్స్‌మన్, మా వయసువాడే, నేరుగా మా ఆయన దగ్గరికొచ్చి ఒక యంత్రం ముందు నిలబెట్టాడు. దాని ఒళ్లంతా రంగురంగుల లైట్లు. "గేమింగ్ పీస్ సార్. ఫొటోలేంది, దీని మీద సినిమానే చెయ్యొచ్చు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. మా పెళ్లిచూపుల్లో కూడా ఆయన మొహంలో నేనంత వెలుగు చూడలేదు.

"ఫొటోలు తీసేది నేనండీ," అన్నాను.

"అవునా మేడమ్? అయితే పింక్ కలర్ల సుత ఉన్నది."

అప్పుడే వంకాయలు బయటికి తీశాను. టమాటా, కాకరకాయ కూడా బల్ల మీద వరసగా పెట్టాను. మా ఆయన రెండడుగులు దూరం జరిగి, నేనెవరో తెలియనట్టు ప్రింటర్లు చూడసాగాడు.

"మేడమ్, తినేటివి లోపలికి తేవద్దు."

"తినడానికి కాదు. ఈ పెన్‌డ్రైవ్‌లో వీటి ఫొటో ఉంది, అన్ని తెరల మీదా పెట్టండి. ఏది ఈ వంకాయలా కనిపిస్తే అది కొంటాను."

సేల్స్‌మన్ ఏమనుకున్నాడో గానీ పెట్టాడు. లైట్ల యంత్రంలో వంకాయ ఫంక్షన్‌హాలు గేటులా మెరిసిపోయింది. దాని పక్కదాంట్లో పౌడరు రాసుకున్నట్టుంది. మూడోదాంట్లో మళ్లీ నీలం. ఇంకో రెండింటిలో కొంచెం నయం. ఈలోగా మౌస్ కొనడానికొచ్చిన ఒక పెద్దావిడ చుట్టూ మూగిన జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. బల్ల మీది వంకాయ తీసి ప్రతి తెరకీ ఆనించి చూసింది. ఆఖరికి మూలనున్న బూడిదరంగు మానిటర్ ముందు ఆగింది.

"గిది సూడు బిడ్డా. గిండ్ల తొడిమె కాడ పచ్చదనం సుత ఉన్నదున్నట్టే ఉన్నది."

సేల్స్‌మన్ వంగి చూసి, "అరె, సేమ్ టు సేమ్!" అన్నాడు. అమ్మేవాడి గొంతు కాదది, నిజంగా ఆశ్చర్యపోయాడు. అప్పుడు మొదటిసారి నన్ను అడగాల్సింది అడిగాడు. ఒక్కసారికి ఎన్ని ఫొటోలు తీస్తానని.

"ఇరవై. వీడియోలు తీయను."

"అయితే గంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు దండుగ మేడమ్. ఈ మానిటర్ తీసుకోండి. దీనికి మామూలు కంప్యూటర్ ఇచ్చి పదహారు జీబీ ర్యామ్ పెట్టిస్త, చాలకపోతే తర్వాత పెంచుకోవచ్చు. ఫొటోల కాపీ దాచుకోనీకి బయట ఇంకొక డిస్క్ పెట్టుకోండి."

మా ఆయన తిరిగొచ్చి మానిటర్‌ని పైనుంచి కిందికి చూశాడు. "దీనికి లైట్లేవీ?"

"ఇంట్లో ట్యూబ్‌లైటుందిగా," అన్నాను.

ఆటోలో ఆయన జాబితా తీసి నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అయినా ఇంటికొచ్చాక తీగలన్నీ తనే బిగించి, నాకంటే ముందు కుర్చీలో కూర్చున్నాడు. మూడేళ్ల ఫొటోలు తెరిచాం. చిటికెలో తెరుచుకున్నాయి. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మంచి తెర మీద అన్నీ కనిపిస్తాయని నాకెవరూ చెప్పలేదు.

"ఇదేంటి, వెనకున్న గోనెసంచి పోగుపోగూ కనిపిస్తోంది, బెండకాయలు మాత్రం మసకగా ఉన్నాయి?"

"అది కళండీ."

"ఊరుకో. ఈ మూల ఉన్నది నీ బొటనవేలు కాదూ?"

బొటనవేలే. పాత ల్యాప్‌టాప్ ఇన్నాళ్లూ నా పరువు కాపాడిందని అర్థమైంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. వారం రోజులు బడి నుంచి రాగానే కూర్చుని తీసేస్తూ పోయాను. మూడు వేలలో నలభై మిగిలాయి. ఆయన వాటిని ఒక్కొక్కటే చూసి ఒకదాని దగ్గర ఆగాడు. పగిలిన గుమ్మడికాయ, దాని మీద వాలిన ఎండ, పక్కనే ఎవరిదో చెప్పుల్లేని పాదం.

"ఇది మాత్రం చాలా బాగుందోయ్. ఎలా తీశావు?"

కెమెరా సంచిలో పెట్టుకుంటుంటే పొరపాటున బటన్ నొక్కుకుపోయి పడిన ఫొటో అది. "ఓపిక పట్టాలండీ," అన్నాను.